తాళంకప్ప పెద్దది కొన్నం, గొళ్లెం సంగతేంది?

వాగు అవతల ఒక్క రాత్రిలో నాలుగు బోర్ల కాడ స్టార్టర్లు పోయిన ముచ్చట మీకందరికీ తెలిసిందే. పొద్దున్నే నేను గూడ పోయి చూసిన. అందరూ పొయ్యిన స్టార్టర్ల గురించి మాట్లాడుతున్నరు, నేను మాత్రం మిగిలిన డబ్బాలను చూస్తున్న. నాలుగు డబ్బాలకూ తాళాలు ఉన్నయి. ఒక్క తాళం గూడ పగలలేదు. మూడింటికి గొళ్లెం రేకు నుంచి ఊడి వచ్చి, తాళంకప్పతో సహా కింద గడ్డిలో పడి ఉన్నది. నాలుగోదానికి గొళ్లెం గూడ బాగానే ఉన్నది, తాళమూ బాగానే ఉన్నది. అవతలి పక్క మడతబందుల పిన్నులు మేకుతో కొట్టి బయటికి తీసి, తలుపును తాళం వైపు తిప్పి పెట్టిన్రు. పని అయినంక తలుపు మళ్ల దగ్గరికి వేసి పోయిండట, మర్యాదస్తుడు.

ఆ రోజు సాయంత్రం మనోళ్లు ఏం చేసిన్రు? బండ్లు తీసుకొని పోయి ఇంకా పెద్ద తాళాలు కొన్నరు. ఒకాయన తెచ్చిన తాళం అరకిలో ఉంటది. దాన్ని వేసింది మాత్రం అదే పలుచటి రేకు డబ్బాకు, అదే రెండు రివిట్ల గొళ్లేనికి. దొంగ తాళం జోలికే పోనప్పుడు తాళం ఎంత పెద్దదైతే ఏం లాభం?

నేను చెప్పదలుచుకున్నవి రెండు. తాళం మీద పెట్టే పైసల్లో సగం గొళ్లెం మీద, బందుల మీద పెట్టాలె. ఇది అందరూ ఒప్పుకుంటరు. రెండోది కొందరికి నచ్చదు. స్టార్టర్‌కు తాళం వెయ్యాలె గని, కరెంటు బంద్ చేసే మెయిన్ స్విచ్‌కు మాత్రం ఎన్నడూ తాళం వెయ్యొద్దు. దానికి బిగుతైన గడియ ఉండాలె, తాళం ఉండొద్దు. ఎందుకంటున్ననో ముందు చెప్తా.

మూడేండ్ల కింద శ్రావణంలో ముసురు పట్టి నాలుగు రోజులు వదలలేదు. మా బాయికాడ డబ్బా నుంచి బోరు దాక పోయే కేబులుకు మధ్యలో ఒక అతుకు ఉండేది. టేపు చుట్టి మట్టిలో పూడ్చిన అతుకు. అట్ల అతికింది నేనే, తప్పు నాదే. నీళ్లు నిలిచేసరికి ఆ అతుకు కాడ కరెంటు భూమిలోకి దిగింది. పక్క చేను వాళ్ల బర్రె మేసుకుంట వచ్చి ఆ నీళ్లలో కాలు పెట్టి కూలబడ్డది. మోటరు నడుస్తనే ఉన్నది. స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే ఉన్నది గదా, పడిపోవాలె గదా అనుకుంటరు. పడదు. ఆ రిలే మోటరు కాలిపోకుండ చూసేది. బర్రె మీద నుంచి, మనిషి మీద నుంచి పోయే కరెంటు దాని లెక్కలో లెక్కే కాదు.

బాపు ఒక్కడే ఉన్నడు ఆడ. డబ్బా కాడికి ఉరికిండు. తాళం. తాళంచెవి ఇంట్లో దర్వాజ పక్కన మేకుకు ఉన్నది. ఇల్లు కిలోమీటరు దూరం. నాకు ఫోను చేసి, నేను వచ్చేదాక ఆగలేక రాయి తీసుకొని తాళం మీద కొట్టిండు. కాళ్ల కింద తడి, చేతిలో తడి రాయి, ఎదురుగ ఇనుప డబ్బా. డబ్బాకు ఎర్తు వైరు ఎప్పుడు తెగిందో మాకెవ్వరికీ తెల్వదు. రెండో దెబ్బకు ఎడమ చెయ్యి డబ్బాకు తగిలి విసిరి కొట్టినట్టు వెనక్కి పడ్డడు. వెనక్కి పడ్డడు గనుక బతికిండు. ముందుకు పడితే ఏమయ్యేదో నేను రాయను. నేను సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి, వాళ్లు లైను తీసేసరికి బర్రె పోయింది. బర్రె గలాయనకు నేను పైసలు కట్టిచ్చిన, అది వేరే కథ.

ఆ రోజు నుంచి బాపుది ఒకటే మాట. "డబ్బాకు తాళం వెయ్యొద్దు. పోతే స్టార్టర్ పోతది, కొనుక్కుందాం." సరే అని ఏడాది పాటు తాళం తీసేసినం. ఉత్త తీగ చుట్టి ఉంచినం. ఆ ఏడాది దొంగ రాలేదు. వచ్చింది మా చెల్లె కొడుకు. ఆరేండ్లోడు. సంక్రాంతికి వచ్చి, తీగ విప్పి, తలుపు తీసి, లోపల ఎర్ర లైటు, ఆకుపచ్చ బటను చూసుకుంట నిలబడ్డడు. మా అవ్వ చూసి కేక పెట్టింది. ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే వేలు ఎక్కడ పెట్టేటోడో.

ఇగ ఇంట్లో పంచాయితీ. నేను తాళం వేద్దామంట, బాపు వద్దంటడు. ఇద్దరం చెప్పేది నిజమే గదా. పోరగాండ్లకు, దొంగలకు తలుపు తెరుచుకోవద్దు. ఆపద వచ్చినప్పుడు ఎవరికైనా, తాళంచెవి లేకున్నా, కరెంటు బంద్ కావాలె. ఒకే డబ్బా, ఒకే తలుపు, ఒకే తాళంతో ఈ రెండూ కావు. అందుకే మేము రెండు డబ్బాలు చేసినం.

పైన చిన్న డబ్బా. అందులో మెయిన్ స్విచ్ ఒక్కటే, పక్కన ఇనుప పిడి ఉండే పాత రకంది. డబ్బాకు పక్కన సందు కోయించి పిడి బయటికి వచ్చేటట్టు పెట్టినం. ఆ సందుకు పైన రేకుతో చిన్న చూరు. పెద్దోళ్ల భుజం ఎత్తున ఉంటది, చిన్న పిల్లలకు అందదు. బంద్ చెయ్యాలంటే తలుపు తెరిచే పనే లేదు, పిడిని కిందికి కొడితే చాలు. దానికి చెయ్యి గూడ పెట్టొద్దని, పక్కన కడీకి పీవీసీ పైపు ముక్క కట్టి, అందులో ఎండు కర్ర ఒకటి వేసి, పైన మూత పెట్టినం. వానలో గూడ కర్ర ఎండుగనే ఉంటది. ఈ డబ్బా తలుపుకు తాళం లేదు, బిగుతు క్లిప్పు మాత్రమే ఉన్నది. కింద పెద్ద డబ్బా. అందులో స్టార్టర్, కెపాసిటర్లు. దానికే తాళం.

కొందరు అంటరు, స్టార్టర్‌కే బయటికి ఎర్ర బటను పెట్టిస్తే సరిపోదా, రెండో డబ్బా ఎందుకు అని. ఏమీ లేనిదానికన్నా మంచిదే. కని ఆటో స్టార్టర్ ఉన్నోళ్లు ఆ బటనును నమ్ముకోవద్దు. బటను నొక్కితే మోటరు ఆగుతది, కరెంటు పోయి మళ్లొస్తే దానంతట అదే మొదలు పెడ్తది. మన తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు అన్నప్పుడే ఆటో స్టార్టర్లు తీసెయ్యుండ్రి అని ఊరూరా చెప్పిన్రు. చానా మంది తియ్యలేదు. నేను గూడ రెండేండ్లు తియ్యలేదు, దాయను. కరెంటు లేదు గదా అని డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడు కరెంటు వస్తే అది మనను అడగదు.

ఇప్పుడు గొళ్లేల సంగతి. ఇది కొంచెం పొడుగ్గ రాస్త, ఎందుకంటే మనం తప్పు చేసేది ఈడనే.

బజారులో వచ్చే స్టార్టర్ డబ్బా రేకు పలుచన. 20 గేజి అంటే మిల్లీమీటరు గూడ ఉండదు. దానికి కంపెనీ వాళ్లు నడుమ ఒక్క గొళ్లెం ఇచ్చి రెండు రివిట్లు కొడ్తరు. తలుపేమో రెండడుగుల పొడుగు. నడుమ ఒక్కకాడ పట్టుకుంటే పై మూల, కింది మూల బయటికి వంగి నోరు తెరుస్తయి. మీ డబ్బా దగ్గర కూసొని చూడుండ్రి, పై మూలలో వేలు దూరుతది. వేలు దూరితే గడ్డపార మొన గూడ దూరుతది. దొంగ సంగతి పక్కన పెట్టండి, ఆ సందు నుంచే వాన జల్లు, చీమలు, బల్లులు లోపలికి పోతయి. కాంటాక్టుల నడుమ బల్లి పడి మాడిపోయి, స్టార్టర్ టకటకమని కొట్టుకునుడు ఎవరు చూడలేదు? బల్లి కోసం పాము వస్తది. డబ్బా తెరిచేటప్పుడు ఎదురుగ నిలబడకుండ పక్కన నిలబడి కర్రతో తలుపు లాగుమని బాపు ఊరికే చెప్పలేదు.

అందుకే పైన ఒకటి, కింద ఒకటి, లాగి బిగించే క్లిప్పులు పెట్టాలె. ట్రాక్టరు ఎయిర్ ఫిల్టర్ మూతకు ఉంటయి చూడుండ్రి, కొక్కెం తగిలించి పిడి వెనక్కి నొక్కితే టప్ మని బిగుస్తది, ఆ రకం. బస్సుల డిక్కీ తలుపులకు గూడ కొన్నిటికి అసుంటివే ఉంటయి. బస్సు ఎంత ఊగినా, గుంతల్లో ఎంత ఎగిరినా డిక్కీ తెరుచుకోదంటే కారణం తాళం కాదు, ఆ బిగుతు. నాకు ఈ ఉపాయం వచ్చిందే బస్టాండులో డిక్కీలో విత్తనాల సంచులు వేస్తుంటే. తలుపు అంచుకు రబ్బరు బీడింగు అంటించి ఈ క్లిప్పులు బిగిస్తే రబ్బరు నొక్కుకొని నీళ్లు పోవు, చీమ గూడ పోదు. గాలికి తలుపు కొట్టుకోదు. బర్రె వచ్చి ఒళ్లు రుద్దుకున్నా తెరుచుకోదు. ఈ పని తాళం ఎన్నడూ చెయ్యదు. తాళం తలుపును ఊడిపోకుండ ఆపుతది గని బిగించదు.

క్లిప్పులు బిగుతు కోసం. దొంగ కోసం వేరే గొళ్లెం కావాలె, పట్టీ మడత పడి కొండి మీద కూసునే రకం. కొనేటప్పుడు ఒక్కటి చూడుండ్రి. మూసినప్పుడు పట్టీ తన బోల్టుల తలలను తానే కప్పుకోవాలె. కప్పకుంటే దొంగ తాళాన్ని ముట్టకుండ స్క్రూలు విప్పుకుంటడు. స్క్రూలు, రివిట్లు అసలే వద్దు. రివిట్ తల మీద ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే లేచిపోతది. గుండు తల బోల్టు వాడాలె, ఎడ్లబండికి, నాగలికి వాడేది. బయట నున్నగ గుండు తల ఉంటది, పానా పట్టదు. నట్టు లోపలి వైపు వస్తది.

ఇంత చేసినా రేకు పలుచనిదే గదా, బోల్టు రేకును చింపుకొని వస్తది. వాగు అవతల మూడు డబ్బాలకు అయ్యింది గదే. దానికి మందు ఒక్కటే. లోపలి వైపు 3 మిల్లీమీటర్ల ఇనుప పట్టీ ముక్క, జానెడు పొడుగుది, పెట్టి బోల్టులు దాంట్లో నుంచి రావాలె. అప్పుడు గుంజితే జానెడు పట్టీ మొత్తం కలిసి ఆపుతది. నా లెక్కలో మొత్తం పనిలో ముఖ్యమైనది ఈ పట్టీ ముక్కే. వెల్డింగు షెడ్డులో తుక్కులో దొరుకుతది, నాకు పైసలు గూడ తీసుకోలేదు.

బందుల వైపు ఎవరూ చూడరు. పిన్ను రెండు కొసలూ సుత్తితో కొట్టి చదును చేయించండి, లేదంటే వెల్డింగు చుక్క పెట్టించండి. నేను ఇంకొకటి గూడ చేసిన. తలుపు లోపల బందుల వైపు ఎల్ ఆకారం ఇనుప ముక్కలు రెండు వెల్డింగు చేయించిన. తలుపు మూసినప్పుడు అవి చట్రం వెనక్కి పోయి పట్టుకుంటయి. పిన్నులు మొత్తం తీసేసినా తలుపు ఆ వైపు నుంచి ఊడి రాదు.

వెల్డింగు అన్న గనుక ఒక మాట. డబ్బాలో స్టార్టర్ ఉండంగనే వెల్డింగు పెట్టొద్దు. రవ్వలు వైర్ల మీద పడి ఇన్సులేషన్ కాలుతది, అది ఆ రోజు తెల్వది, నెల తర్వాత తెలుస్తది. స్టార్టర్ మొత్తం విప్పి పక్కన పెట్టాలె. డ్రిల్లు పెట్టినా అంతే, ఇనుప పొట్టు కాంటాక్టుల నడుమ పడితే మోటరు వేసిన రోజు పండుగే. విప్పే ముందు లైన్‌మెన్‌కు చెప్పి లైను తీయించి, టెస్టరుతో మూడు ఫేజులూ చూసి అప్పుడు ముట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ కాడ మనమే ఫ్యూజులు తీసుకుంటం అనే మొగోళ్లకు నేను చెప్పేది ఏమీ లేదు, మీ ఇంట్లోళ్లు చెప్తరు. బెజ్జం పెట్టిన ప్రతి కాడ రెడాక్సైడ్ పుయ్యండి, లేకుంటే రెండు వానలకే బెజ్జం చుట్టూ తుప్పు పట్టి రేకు బిస్కట్ లెక్క అయితది.

పనిలో పనిగ ఎర్తు. డబ్బాకు ఎర్తు ఉన్నది అంటరు, తలుపుకు ఉన్నదా? బందులు తుప్పు పడితే వాటి నుంచి కరెంటు సరిగ పోదు. తలుపు నుంచి డబ్బాకు మెత్తటి వైరు ఒక మూరెడు, రెండు పక్కలా లగ్గులు కొట్టి బోల్టు వెయ్యాలె. డబ్బా నుంచి భూమిలో పైపుకు పోయే వైరు గూడ ఒకసారి గుంజి చూడుండ్రి. మాది తెగి ఎన్ని నెలలైందో ఎవరికీ తెల్వదని పైన రాసిన గదా. ప్రాణం కాపాడే పరికరం కావాలంటే ఈఎల్‌సీబీ అని వేరే ఉంటది. 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే కట్ అయ్యే రకం మనుషుల కోసం. పాత మోటర్లు, అతుకుల కేబుళ్లు ఉన్నకాడ అది ఊకె పడిపోతదని మనోళ్లు తీసి పారేస్తరు. అది పడుతుందంటే కరెంటు ఎక్కడనో లీకవుతున్నది అని చెప్తున్నట్టు. నేను అతుకు కేబులు తీసి ఒకే ముక్క వేసినంక పెట్టించిన.

తాళం గురించి చివరికి రెండు ముక్కలు. గొళ్లెం కొండికి సరిపోయే తాళమే కొనండి. కప్పకూ కొండికీ నడుమ సందు ఎక్కువ ఉంటే గడ్డపార మొన పెట్టి మెలి తిప్పుతరు. తాళం మీద పాత సైకిల్ ట్యూబు ముక్క గొడుగు లెక్క కట్టండి. లోపల ఇంజన్ ఆయిల్ పొయ్యొద్దు, దుమ్ము పట్టి జిగురైతది. పెన్సిలు ముల్లు పొడి చేసి ఊదితే నున్నగ తిరుగుతది. తాళంచెవులు ఇంట్లో ఒకటి, పాలోళ్ల దగ్గర ఒకటి, కూలికి వచ్చే పెద్దమనిషి దగ్గర ఒకటి ఉండాలె. డబ్బా కింద ఇటుక కింద పెట్టే అలవాటు మానుండ్రి, మన జిల్లాలో ఇటుక కింద చూడని దొంగ లేడు.

"దొంగ అనుకున్నంక ఏ గొళ్లెం ఆపుతది?" అని మా బావ అన్నడు. నిజమే, గ్రైండరు తెచ్చినోడిని ఏదీ ఆపదు. కని వాగు అవతలికి వచ్చినోడు గ్రైండరుతో రాలేదు. మేకు, సుత్తి, గడ్డపారతో వచ్చిండు. నాలుగు డబ్బాలు ఒక్క రాత్రిలో చేసిండంటే ఒక్కోదానికి ఐదు నిమిషాలు గూడ పట్టలేదు. అర్ధగంట పట్టేటట్టు చేస్తే, సుత్తి చప్పుడు ఊరికి వినిపించేటట్టు చేస్తే, వాడికి గూడ లెక్క మారుతది. ఇంకో మాట, వాడు పోయిన తర్వాత తెరుచుకొని ఉన్న డబ్బాలో కొన వైర్లు వేలాడుతుంటయి. ఆ నాలుగు డబ్బాల కాడ తెల్లారేసరికి మూడు ఫేజులు బయట ఉన్నయి. పొద్దున మొదట పోయింది ఆ చేను గలాయన భార్య, గడ్డి కోసం. ఆమె ముట్టలేదు గనుక మనం స్టార్టర్ల ఖరీదు మాట్లాడుకుంటున్నం.

మెయిన్ స్విచ్‌కు తాళం లేకుంటే దాన్ని ఎత్తుకపోరా అని అడిగేటోళ్లు ఉన్నరు. పోతే పోనియ్యండి. స్టార్టర్ కంటే చానా తక్కువ ఖరీదు. నేను దాన్ని గూడ లోపల నట్టుతో బిగించిన. బాపు రాయి పట్టుకొని ఆ తాళం ముందర నిలబడ్డది నేను రోజూ చూస్తున్న, మీకు అది కనిపించదు గనుక అడుగుతున్నరు.

నాకు అయిన ఖర్చు చెప్తా. క్లిప్పులు నాలుగు, గొళ్లెం, బోల్టులు, బీడింగు, రెడాక్సైడ్ కలిపి 640 రూపాయలు. చిన్న డబ్బా పాతది, తుక్కు కొట్టులో 300. వెల్డింగు కూలి 250. మెయిన్ స్విచ్ మాకు ముందే ఉండె. ఎలక్ట్రీషియన్ తమ్ముడు చాయ్ తాగి పోయిండు, ఆయన కూలి ఇంకా బాకీ, ఈ పోస్టు చదివితే గుర్తు చేస్తడు.

వచ్చే ఆదివారం పొద్దున మా బాయికాడ ఉంట. డ్రిల్లు మిషను ఉన్నది, బోల్టులు రెండు డజన్లు మిగిలినయి. చూద్దామనుకున్నోళ్లు రాండ్రి, వచ్చేటప్పుడు మీ డబ్బా పొడుగు, వెడల్పు, రేకు మందం కొలిచి రాసుకొని రాండ్రి. బాపు గూడ ఉంటడు, తాళం వద్దన్నది నేనే ముందు అని మీకు చెప్తడు, ఒప్పుకోండి.